ఆ మాట అనకుండా వండిన కంద పులుసు

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఫోన్లు బోర్లా పెట్టి కాస్త సర్దుకుని కూర్చోండి. మీకో మహాగాథ చెప్పబోతున్నాను. ఇందులో ఒక సామ్రాజ్యం ఉంది. దాన్ని ఆక్రమించడానికి వచ్చిన శత్రువున్నాడు. తెల్ల చొక్కా మీద చిందిన ఎరుపుంది. ఒక్క గంటలో హాలు హాలంతా పాకిన వ్యాధి ఉంది. నిండు సభలో ఒక వీరుడు కన్నీళ్లు ఆపుకుంటూ కూర్చున్న ఘట్టం కూడా ఉంది.

సరే, అంత లేదు. సామ్రాజ్యం అంటే హైటెక్ సిటీలో ఓ అద్దాల మేడ అడుగున, క్యాంటీన్‌లో ఓ మూల ఉన్న తెలుగు భోజనం కౌంటర్. శత్రువు సలాడ్లు అమ్ముకునే కంపెనీ. ఎరుపు బీట్‌రూట్‌ది. వ్యాధి సంగతికి వస్తాను. వీరుడు మా వంటమాస్టర్. ఆయన కన్నీళ్లు దేనికో ఇప్పుడే చెబితే మీరు మిగతాది వినరు కాబట్టి చెప్పను.

నేను ఆ క్యాంటీన్‌లో క్యాటరింగ్ కాంట్రాక్టర్ తరఫున సూపర్‌వైజర్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఈ మొహానికి రిటైర్మెంటేమిటని నవ్వకండి. ఐటీ కారిడార్‌లో మూడేళ్లు ఒకేచోట పనిచేసిన మనిషిని ఇప్పటికే మ్యూజియం వస్తువులా చూస్తారు. ఇప్పుడు మణికొండలో సొంతంగా భోజనం డబ్బాలు పంపుకుంటున్నాను. కాబట్టి అనుభవజ్ఞుడి హోదాలో మాట్లాడే హక్కు నాకుంది. లేకపోయినా మాట్లాడతాను.

సూపర్‌వైజర్ పని అంటే ఏమిటో రెండు ముక్కల్లో చెప్పాలంటే, వంటింట్లో అరుపులను ఆఫీసు భాషలోకి మార్చి పైకి పంపడం, పైనుంచి వచ్చిన ఆఫీసు భాషను అరుపులుగా మార్చి వంటింట్లోకి తేవడం.

మా వంటమాస్టర్ నంద్యాల వైపు మనిషి. మీసం ముందు వస్తుంది, ఆయన వెనక వస్తాడు. పప్పులో ఉప్పు తక్కువైందని ఎవరైనా అంటే రాజీనామా చేస్తాడు. ఎక్కువైందంటే రెండుసార్లు చేస్తాడు. నిబంధన ప్రకారం అందరం తలకు వలటోపీ పెట్టుకోవాలి. ఆయన తలకు ఆ టోపీ సరిపోయేది కాదు. దాని రబ్బరు కుడి చెవి వెనక కొరికేది. రోజంతా గరిటె ఒక చేత్తో, చెవి వెనక గోక్కోవడం ఇంకో చేత్తో. ఆ గీరుడు లేకుండా ఆయన తాలింపు పెట్టగా నేను చూడలేదు.

కౌంటర్లో రెండో మనిషి నాగర్‌కర్నూల్ వైపు నుంచి వచ్చిన అక్క. తరగడం, చెక్కు తీయడం, వడ్డించడం ఆమె పని. దేనికీ కంగారు పడదు. ఒకసారి ఫైర్ అలారం మోగితే మేడంతా మెట్ల మీద పరుగెత్తింది. అక్క మాత్రం చేతిలో ఉన్న దొండకాయ పూర్తిచేసి లేచింది.

మా కౌంటర్‌కు ఉన్న స్థిరాస్తి ఒక స్తంభం, దానికో పవర్ ప్లగ్గు. అన్నం వేడిగా ఉంచే పెట్టె, చట్నీల మిక్సీ రెండూ దాని మీదే బతకాలి. మాస్టర్ మిక్సీ పెట్టాలంటే పెట్టె వైరు పీకాలి. అక్క మళ్లీ పెట్టె వైరు పెట్టాలంటే మిక్సీది పీకాలి. రోజూ ఆ ప్లగ్గు దగ్గర సరిహద్దు తగాదా నడిచేది.

ఇక చలికాలం. ఆఫీసుల్లో చలికాలం వచ్చిందని మనుషులను చూసి కనిపెట్టలేం. ఏసీ దెబ్బకు మే నెలలోనూ జాకెట్లే వేసుకుంటారు. మాకు కూరగాయల బండి చెప్పేది. ముల్లంగి మట్టి వాసనతో నవనవలాడుతూ దిగిందంటే, క్యారెట్ కొరికితే తియ్యగా విరిగిందంటే, చలికాలం వచ్చినట్టు.

ఆ ఏడాది బండికంటే ముందు మెయిల్ వచ్చింది. పంపింది మేడ బాగోగులు చూసే ఫెసిలిటీ మేనేజర్ గారు. కాకినాడ ఆయన, మర్యాదస్తుడు, ఎవరినీ అండి అనకుండా తిట్టరు. ఆ మధ్య ఆయన వారాంతంలో చేవెళ్ల దాటి ఎక్కడో సేంద్రియ తోటకు వెళ్లి, ఒక క్యారెట్ స్వయంగా పీకి, జ్ఞానోదయం పొంది వచ్చారు.

"భూమిలోకి వెళ్లాలండి మనం," అన్నారు నాతో. "వచ్చే వారమంతా దుంపల వారం. పోస్టర్లు కూడా ప్రింటుకు ఇచ్చేశానండి."

"అలాగే సార్," అన్నాను. భూమిలోకి వెళ్లడానికి ఎవరికైనా తొందరేముంటుంది?

"ఇంకో విషయమండి. మీ కౌంటర్ స్థలం బౌల్ కంపెనీ వాళ్లు అడుగుతున్నారు. కమిటీ ఆలోచిస్తోంది. శుక్రవారం కమిటీ వాళ్లు కిందికి వచ్చి చూస్తారు. ఆ తర్వాత మీరుంటారో, వాళ్లుంటారో తేలుస్తారండి."

బౌల్ అంటే ఏమిటో తెలియనివారికి చెబుతాను. పచ్చి ఆకులు, ఉడికిన శనగలు, పైన పిట్టలకు వేసే గింజలు. కమిటీ అంటే ఏమిటో కూడా చెబుతాను. క్యాంటీన్ భోజనం గురించి నిర్ణయాలు తీసుకునే అయిదారుగురు ఉద్యోగులు. వాళ్లందరికీ ఒక పోలిక ఉంది. ఎవరూ క్యాంటీన్‌లో తినరు, ఇంటి నుంచి డబ్బా తెచ్చుకుంటారు. అందుకే వాళ్ల అభిప్రాయాలు అంత స్పష్టంగా ఉండేవి.

ఈ కబురు నేను వంటింట్లోకి తెచ్చేసరికి మాస్టర్ చెవి వెనక గోక్కుంటున్నాడు.

"దుంపలకు వారమేంటికప్పా? వాటికేమన్నా పెండ్లా?"

"కౌంటర్ ఉంటుందో పోతుందో దుంపలే తేలుస్తాయట మాస్టర్."

"పోతే?"

"మనల్ని కాంట్రాక్టర్ గచ్చిబౌలి ఆసుపత్రి క్యాంటీన్‌కు పంపుతాడు. రోగుల భోజనం. ఉప్పు లేదు, కారం లేదు, తాలింపు లేదు."

గోకుతున్న చెయ్యి ఆగిపోయింది. నంద్యాల వంటవాడికి తాలింపు లేని ఉద్యోగం అంటే, పూజారికి గంట లేని గుడి. మాస్టర్ స్టూలు మీద కూలబడ్డాడు.

"నన్ను చంపినా బాగుండు కదప్పా. గొడ్లకు తొట్టిలో ఏసేది వీండ్లకు గిన్నెలో ఏసేటోళ్ల కోసం నన్ను ఉప్పులేని గంజి కాయమంటారా?"

"మనకేంది మాస్టర్," అంది అక్క, క్యారెట్ చెక్కు తీస్తూ. "గడ్డలు ఏడున్నా చెక్కుడే. ఉప్పు నువ్వేస్తవు, చెక్కు నేను తీస్త. నీకు పరేషాన్, నాకు గిదే పని."

దుంపల వారం సోమవారం మొదలైంది. హాలంతా పోస్టర్లు. ఒక నవ్వు మొహం క్యారెట్ ధ్యానంలో కూర్చుని ఉంది. ఆ రోజు ఆలూ వేపుడు. అది దుంప అని ఎవరికీ గుర్తు రాలేదు. ఆలూ మన దగ్గర దుంపగా కాదు, పౌరుడిగా పరిగణించబడుతుంది.

మంగళవారం చేమదుంప. ఉడికించి, చెక్కు తీసి, పొడిబట్ట మీద ఆరబెట్టి, బియ్యప్పిండి జల్లి వేయిస్తే కరకరలాడుతుంది. ఆరబెట్టే ఓపిక లేకపోతే మూకుడులో ఒక్కటే పెద్ద చేమదుంప తయారవుతుంది. మాస్టర్ ఆ రోజు కోపంలో ఉన్నాడు, ఆరబెట్టలేదు. ఒకాయన ప్లేటు పట్టుకుని వచ్చి, "బ్రో, ఇది ఒకటిగా వస్తుందా, ముక్కలుగా వస్తుందా?" అని అడిగాడు.

బుధవారం బీట్‌రూట్. ముందే చెప్పాను కదా, ఎరుపు చిందింది. పై అంతస్తు నుంచి ఎప్పుడో గానీ దిగని ఒక పెద్ద సారు తెల్ల చొక్కాతో క్యూలో నిలబడ్డారు. అక్క గరిటె ఎత్తింది. సారు అదే క్షణంలో ఫోన్ చూడ్డానికి ముందుకు వంగారు. ఆ మధ్యాహ్నం ఆయన మీటింగులో జాకెట్ జిప్పు గొంతు దాకా లాక్కుని కూర్చున్నారని, ఆయన గాంభీర్యం చూసి ఎవరూ నోరెత్తలేదని తర్వాత తెలిసింది. ఆ క్వార్టర్‌లో ఆయనకు అంతకన్నా మంచి మీటింగు జరగలేదట.

గురువారం మాకు కలిసొచ్చింది. మాస్టర్ గెనుసుగడ్డ అనేదాన్ని, అక్క మొరంగడ్డ అనేదాన్ని, మేనేజర్ గారు చిలగడదుంప అనేదాన్ని, రొట్టెలు కాల్చే కౌంటర్ వాళ్ల తందూరీ పొయ్యిలో పెట్టాం. రొట్టెలయ్యాక మిగిలిన వేడిలో అది మెల్లగా మగ్గి, తొక్క పగిలి, పాకం కారింది. జిమ్ముకు వెళ్లే కుర్రాళ్లంతా ఎగబడ్డారు. మాస్టర్ మీసం నాలుగు రోజుల తర్వాత మొదటిసారి పైకి లేచింది.

"రేపు కంద పులుసప్పా," అన్నాడు. "రేపు చూపిస్తా వీండ్లకు."

ఇక్కడ మా వంటింటి ఆచారం ఒకటి చెప్పాలి. కంద పచ్చిగా ఉన్నప్పుడు ఎలాంటిదో మీకు తెలుసు. తడి చేత్తో ముట్టుకుంటే మోచేతి దాకా పాకుతుంది. దానికి మందు చింతపండు. చింతపండు నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు పారబోసి, మళ్లీ కొత్త పులుసులో వేస్తే వెన్నలా కరుగుతుంది. ఇది పాకశాస్త్రం. మాస్టర్ శాస్త్రం దీనికి పైన ఇంకొకటి ఉంది. కంద తరుగుతున్నంతసేపూ వంటింట్లో ఎవరూ "దురద" అనే మాట అనకూడదు. అంటే గడ్డ వింటుందట. విన్న గడ్డ ఎంత ఉడికించినా లొంగదట. అందుకని కంద రోజున మేమంతా ఆ మాటను "అది" అనేవాళ్లం.

"అక్కా, చేతికి అది రాకుండా నూనె రాసుకున్నావా?"

"రాసిన తమ్మీ. పేరు పెట్టి పిలిస్తే వచ్చెటందుకు గడ్డకు చెవులున్నయా?" అని నవ్వేది. నవ్వేది గానీ, తను కూడా ఆ మాట అనేది కాదు.

శుక్రవారం పొద్దున పులుసు ఉడుకుతుంటే, పక్క చైనీస్ కౌంటర్ కుర్రవాళ్లు నూడుల్స్ వదిలి వచ్చి నిలబడ్డారు. నేను ఒక గిన్నెడు తిన్నాను. నిజం చెబుతున్నాను, మాస్టర్ డ్రామాలన్నీ ఆ గిన్నె కోసం భరించవచ్చు. బెల్లం కాస్త, మెంతిపొడి కాస్త, పైన ఎండుమిర్చి తాలింపు. గొంతులో ఏమీ లేదు, పులుపు తప్ప.

సరిగ్గా అప్పుడే మేనేజర్ గారు ట్యాబ్ పట్టుకుని వచ్చారు. ప్రతి వంటకం ముందు ఒక చిన్న కార్డు పెట్టాలని నిబంధన. పాలున్నాయా, వేరుశనగ ఉందా, ఎవరికైనా పడకపోయే ప్రమాదం ఉందా అన్నీ రాయాలి.

"మాస్టర్ గారూ, ఇందులో ఏమైనా ఇబ్బంది కలిగించేది ఉందాండి?"

లేదు సార్ అంటే అయిపోయేది. ఆ ఒక్క మాట చాలు. కానీ అడిగింది ఎవరిని? తన ప్రతాపం చెప్పుకునే అవకాశం వస్తే మాస్టర్ పాలు పొంగినా చూడడు.

"ఏమనుకుంటాండారు సార్ దీన్ని? ఇది మామూలు గడ్డ కాదు. చేతకానోడు వండితే గొంతు పట్టుకుంటాది. మా ఊర్లో ఒక పెండ్లిలో వండినారు సార్, పెండ్లికొడుకు తాళి కట్టేది మాని..." అంటూ మాస్టర్ రెండు చేతులతో గొంతు గీరుకుంటూ, కళ్లు తేలేసి, నాలుక బయటపెట్టి అభినయించాడు. ఆ మాట మాత్రం అనలేదు. నియమం నియమమే. "అట్లాంటిదాన్ని లొంగదీసే చెయ్యి సార్ ఇది!"

మేనేజర్ గారు చివరి వాక్యం వినలేదు. ఆయన అప్పటికే టైపు చేస్తున్నారు.

పావుగంటలో కార్డు వచ్చింది. నున్నగా, పచ్చ అంచుతో, కంద పులుసు గిన్నె ముందు నిలబెట్టారు. ఇంగ్లీషులో మూడే మాటలు. మే కాజ్ ఇచింగ్. పక్కన గోక్కుంటున్న ఒక చిన్న చెయ్యి బొమ్మ.

"ఏం రాసినారు అబ్బీ?" అన్నాడు మాస్టర్.

చెప్పాను. 'అది' అనే చెప్పాను. మాస్టర్ స్తంభానికి ఆనుకుని జారిపోయాడు.

"రాసినారే! నోటితో అనేదానికే మేము భయపడతాంటే, బొమ్మేసి రాసినారే! ఇంగ లొంగదప్పా గడ్డ. ఇంగ ఉప్పులేని గంజే నా గతి."

"ఇంగ్లీషుల రాసిండ్రు గద మాస్టర్," అంది అక్క. "గడ్డకు ఇంగ్లీష్ వస్తదా?"

గడ్డకు రాదు. క్యూలో ఉన్నవాళ్లకు వచ్చు.

నేను కార్డు తీసేద్దామని చెయ్యి చాచాను. "అది కంప్లయన్స్ అండి, తీయకూడదు," అన్నారు మేనేజర్ గారు, నేనేదో దేవుడి పటం మీద చెయ్యి వేసినట్టు చూస్తూ. అప్పటికే లిఫ్టులు తెరుచుకున్నాయి.

మొదటి అమ్మాయి కార్డు చదివింది. చదువుతూనే మెడ మీద చెయ్యి వేసుకుంది. ఆమె వెనక కుర్రాడు ఆమెను చూసి మోచెయ్యి గోక్కున్నాడు. అతని వెనక ఇద్దరు అతన్ని చూశారు. నేను పుస్తకాల్లో అంటువ్యాధుల గురించి చదివాను గానీ, కళ్లముందు క్యూలో నడుస్తూ వెనక్కి వెళ్లడం అప్పుడే చూశాను. చైనీస్ కౌంటర్ దగ్గర గోక్కుంటున్నారు. జ్యూస్ కౌంటర్ దగ్గర గోక్కుంటున్నారు. ఎవరో గ్రూపులో మెసేజ్ పెట్టారు, నాలుగో అంతస్తులో డెస్కు ముందు కూర్చున్నవాళ్లు కూడా గోక్కోవడం మొదలుపెట్టారు. తలుపు దగ్గర సెక్యూరిటీ ఆయన టోపీ తీసి మరీ గోక్కున్నాడు.

ప్రథమ చికిత్స గది నుంచి నర్సు మాత్రల పెట్టె పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. మలయాళీ అమ్మాయి, ఇంట్లో కంద తిని పెరిగిన మనిషి.

"ఎంత తిన్నారు?" అని అడిగింది మొదటతన్ని.

"ఇంకా తినలేదు సిస్టర్."

"మరి?"

"చదివాను."

సరిగ్గా ఈ ముహూర్తంలో కమిటీ దిగింది. ఎవరి డబ్బా వాళ్ల చేతిలో ఉంది. హాలు చూశారు, కార్డు చూశారు, మా గిన్నె చూశారు. నిండా ఉంది, ఒక్క గరిటె కూడా పోలేదు. కమిటీలో ఒకావిడ "బౌల్‌లో ఇలాంటి రిస్క్ ఉండదు కదా," అంది, చెంప గోక్కుంటూ.

ఆ మాట మాస్టర్ చెవిన పడింది.

లేచాడు. ఒక ప్లేటు తీసుకున్నాడు. అన్నం పెట్టుకుని, దాని మీద పులుసు కుమ్మరించుకుని, హాలు నడిమధ్య ఉన్న బల్ల దగ్గరకు కుర్చీ ఒకటి లాక్కెళ్లి కూర్చున్నాడు.

"చూడండప్పా," అన్నాడు. "నా గొంతు చూడండి. చెయ్యి పైకి లేచిందంటే, ఈ కౌంటర్ మీరే తీసుకోండి."

ఫోన్లు లేచాయి. అంతమంది ఇంజనీర్లు ఒక మనిషి గొంతు కేసి చూసినంత శ్రద్ధగా వాళ్ల ప్రాజెక్టుల కేసి చూసి ఉంటే ఈ దేశం ఎక్కడో ఉండేది. మాస్టర్ ముద్ద కలిపాడు, మింగాడు. ముక్క చిదిమాడు, మింగాడు. గొంతుకేమీ కాలేదు. ఎందుకవుతుంది? పులుసు బంగారంలా ఉంది.

అప్పుడు కుడి చెవి వెనక రబ్బరు కొరికింది.

అది హాలులో ఇద్దరికే తెలిసింది, నాకూ అక్కకూ. మాస్టర్ కుడి కనుబొమ్మ వణికింది. ఎడమ చెయ్యి ఒళ్లోంచి రెండు వేళ్లంత లేచి, మళ్లీ వెళ్లి తొడను పట్టుకుంది. ఇంకో ముద్ద. ముక్కుపుటాలు అదిరాయి. రోజుకు వందసార్లు వెళ్లే దారి మరిచిపొమ్మంటే చెయ్యి వింటుందా? ఆయన కళ్లలో నీళ్లు నిండాయి. అవే ఆ కన్నీళ్లు. వెనకెవరో "పాపం, ఎమోషనల్ అయ్యాడు బ్రో," అన్నారు. కమిటీ ఆవిడ కూడా చలించింది. ఒక మనిషి వంట కోసం ఏడుస్తున్నాడనుకుంది. ఆయన ఒక గోరు కోసం ఏడుస్తున్నాడు.

ప్లేటులో ఇంకా సగం ఉంది. ఎడమ చెయ్యి తొడను వదిలింది. పొట్ట దాకా వచ్చింది. ఛాతీ దాకా వచ్చింది.

"ఏంది మాస్టర్, టోపీ గిట్ల జారింది?" అంటూ అక్క నీళ్ల జగ్గుతో వచ్చింది. జగ్గు బల్ల మీద పెట్టి, తీరిగ్గా టోపీ సర్దుతున్నట్టు వెనక నిలబడి, బొటనవేలి గోటితో చెవి వెనక ఒక్కటంటే ఒక్క గీరు గీరింది. గట్టిగా, చెక్కు తీసే మనిషి గోరది. మాస్టర్ మొహంలో అప్పుడు కనిపించిన శాంతి నేను మళ్లీ ఏ మనిషి మొహంలోనూ చూడలేదు.

"చూశారాండి," అన్నారు మేనేజర్ గారు కమిటీతో, "హెయిర్ నెట్ విషయంలో మనవాళ్లు ఎంత శ్రద్ధో!"

మాస్టర్ ప్లేటు ఖాళీ చేసి, వేళ్లు నాకి లేచాడు. ఎవరో చప్పట్లు కొట్టారు. ముందుగా ఆ నర్సమ్మాయి వచ్చి ప్లేటు పట్టింది, తర్వాత జిమ్ము కుర్రాళ్లు, ఆ తర్వాత క్యూ. గిన్నె అడుగు గరిటెకు తగిలేదాకా వడ్డించాం. మేనేజర్ గారు ఆనందంతో కొత్త కార్డు కొట్టించి తెచ్చారు. మే నాట్ కాజ్ ఇచింగ్. దాన్ని చదివి ఇంకో నలుగురు గోక్కున్నారు.

సోమవారం కబురొచ్చింది. కౌంటర్ మాదే. మాస్టర్ స్వీట్లు పంచాడు. ఆ ఏడాది చేరిన ప్రతి కొత్తవాడికీ ఈ కథ చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ ప్లేట్ల సంఖ్య పెరిగేది, చెవి సంగతి ఉండేది కాదు. అక్క పక్కనే ఏదో చెక్కు తీస్తూ వినేది. "అవ్ మాస్టర్, గట్లనే అయింది," అనేది.

నేను ఉద్యోగం మానేసిన రోజు మేనేజర్ గారికి చెప్పి వెళ్దామని పైకి వెళ్లాను. మాటల్లో అడిగాను.

"ఆ రోజు కమిటీ మనసు మార్చింది మాస్టర్ గారి ప్లేటేనా సార్?"

"ప్లేటేమిటండి?" అన్నారాయన. ట్యాబ్ పక్కన పెట్టారు. "ఓ, ఆ కౌంటరా? లేదండి. అది దుంపల వారానికి ముందే తేలిపోయింది. మనం పోస్టర్లు ప్రింటుకు ఇచ్చిన మర్నాడే బౌల్ వాళ్ల ఎలక్ట్రీషియన్ వచ్చి చూసుకుని, కుదరదని చెప్పి వెళ్లిపోయాడు. కమిటీకి చెప్పడం ఆ సోమవారం దాకా నేనే మరిచిపోయానండి."

"మరి దుంపల వారం ఎందుకు పెట్టారు సార్?"

"పోస్టర్లు వచ్చేశాయి కదండి."

బౌల్ వాళ్ల ఫ్రిజ్‌లకు రెండు పవర్ ప్లగ్గులు కావాలి. ఆ స్తంభానికి ఒక్కటే ఉంది.